సుభద్రకు మొదటి నీళ్ళు

అమ్మ పోయిన పదమూడో రోజున నాన్న సుత్తి, సుద్దముక్కల డబ్బా పట్టుకుని ఓడ దగ్గరికి వెళ్ళిపోయాడు. ముందురోజు పెద్దకార్యానికి వచ్చిన చుట్టాలు ఇంకా రైలెక్కనేలేదు. మా మేనత్త గౌరీదేవి గుమ్మంలో నిలబడి, "ఓలమ్మా, ఈడికేటి రోగం! పెళ్ళాం పోయి పచ్చం కాలేదు, అప్పుడే డూటీయా?" అని ముక్కున వేలేసుకుంది. మర్నాడు నేనూ గమ్హరియాలో నా ఫ్యాక్టరీకి వెళ్ళిపోయాను. ఆ తండ్రికి తగ్గ కూతురే అని ఆవిడ పలాస దాకా అనుకుంటూనే ఉండుంటుంది.

నాకప్పుడు ఏడుపు రాలేదు. వంట చేశాను, బస్సెక్కాను, కాయితాల మీద సంతకాలు పెట్టాను. ఎవరైనా పలకరిస్తే, "బాగానే ఉన్నాం" అన్నాను. లోపల ఏదైనా కదులుతోందంటే అది నాన్న మీద కోపం ఒక్కటే. దాన్ని కూడా పైకి తీసే ఓపిక లేక అలాగే ఉంచాను.

ఆ కోపానికి కారణం ఉంది. ఫిబ్రవరిలో ఆసుపత్రిలో అమ్మ చివరి మధ్యాహ్నం, నాన్నని మంచం పక్కన కూర్చోబెట్టి నేను మందులకి వెళ్ళాను. అక్కడ క్యూ, తర్వాత ఇంకో కాయితానికి ఇంకో క్యూ. తిరిగొచ్చేసరికి నర్సు అమ్మ మొహం మీద దుప్పటి కప్పుతోంది. నాన్న అమ్మ చెయ్యి ఇంకా తన రెండు చేతుల్లోనూ పట్టుకునే ఉన్నాడు. నర్సు నన్ను పక్కకి పిలిచి, "హాథ్ తో ఠండా పడ్ గయా హై. ఘంటా భర్ హో గయా హోగా. బాబా కో పతా హీ నహీఁ చలా?" అంది. చెయ్యి చల్లబడిపోయింది, గంటై ఉంటుంది, ముసలాయనకి తెలియనేలేదా అని. నాన్నకి చెవుడు కాబట్టి ఆ మాట ఆయన చెవిన పడలేదు. నా చెవిన మాత్రం పడి అక్కడే ఉండిపోయింది. నలభైమూడేళ్ళు కాపురం చేసిన మనిషి చెయ్యి పట్టుకుని, ఆ మనిషి లేదని తెలియకుండా గంటసేపు ఎలా కూర్చున్నాడు? ఈయనది గుండెకాయా, ఇనుప గుండా? అడగలేదు. అడిగితే గట్టిగా అరిచి అడగాలి కదా, ఆ ప్రశ్న అరిచి అడిగేది కాదు.

సముద్రానికి రెండొందల కిలోమీటర్ల దూరంలో, జంషెడ్‌పూర్‌లో ఓడేమిటని మా చుట్టాలంతా అడిగేవారు. సుభద్ర నిజానికి యాభైనాలుగు అడుగుల ఆవిరి లాంచీ. మా నాన్న ముందు లాంచీ అంటే మాత్రం ఊరుకోడు, ఓడ అనాలి. నూటపదేళ్ళ కిందట హుగ్లీ ఒడ్డున కట్టి, ముక్కలుగా విప్పి రైల్లో తెచ్చి, ఖర్కాయి నది ఒడ్డున ఆ ఇనుప ప్లేట్లని మళ్ళీ రివెట్ల మేకులతో బిగించి నిలబెట్టారట. వంతెనలు లేని రోజుల్లో వానాకాలం మనుషుల్నీ రాళ్ళనీ ఏరు దాటించింది. తర్వాత దాని అవసరం తీరిపోయి బురదలో కూరుకుపోయింది. పాతికేళ్ళ కిందట కద్మాలో ఉండే మధుసూదన్ గారనే రిటైర్డు ఇంజినీరు, మరో నలుగురితో కలిసి ఒక ట్రస్టు పెట్టి దాన్ని బయటికి తీయించారు. మా బాగ్‌బేరా వైపు ఒడ్డున పెద్ద గొయ్యి తవ్వించి, నదివైపు చెక్క తలుపులు పెట్టి, ఓడని అందులో దిమ్మల మీద కూర్చోబెట్టారు. ఎండాకాలం గొయ్యి పొడిగా ఉంటుంది, అప్పుడు మరమ్మతులు. వానలు పడి ఖర్కాయి పొంగాక తలుపులు తీస్తారు. నీళ్ళొచ్చి సుభద్ర తేలుతుంది. ఏటా ఒక్కరోజైనా నీటిమీద లేకపోతే అది ఓడ కాదు, పాతసామాను అని ట్రస్టు పత్రంలోనే రాసుకున్నారు. ఆ రోజున నలభై మంది బడిపిల్లల్ని ఎక్కించి తిప్పుతారు.

వాళ్ళ పద్ధతి నాకు నచ్చేది. రంగులేసి కొత్తదానిలా మెరిపించరు. పాడైనంత మేరకే మారుస్తారు. మార్చిన ప్రతి రివెట్టు తలమీదా ఆ సంవత్సరం అంకె గుద్దుతారు, తీసేసిన పాతదానికి చీటీ కట్టి పెట్టెలో దాస్తారు. స్ప్రింగుల ఫ్యాక్టరీలో నాణ్యత పరీక్షించడమే నా ఉద్యోగం. ఇలాంటి చాదస్తం చూస్తే నాకు ముచ్చటేస్తుంది.

నీటికింద ఉండే రివెట్లు రెండువేల నూటనలభై. వానలకి ముందు ఒక్కోదాన్నీ కొట్టి చూడాలి. రివెట్టు తలకి ఒకపక్క వేలు ఆనించి, రెండోపక్క సుత్తితో తడతారు. గట్టిగా ఉంటే వేలికి ఏమీ తెలియదు. వదులైతే చిన్నగా వణుకుతుంది. వణికినదాని చుట్టూ సుద్దతో సున్నా చుడతారు, వరస అయ్యాక ప్లేటు మీద సంతకం పెడతారు. మా నాన్న నీలకంఠం ముప్పైనాలుగేళ్ళు రైల్వే వ్యాగన్ షాపులో గాలిసుత్తితో రివెట్లు కొట్టిన మనిషి. ఆ మోతకి యాభై దాటేసరికి చెవులు పోయాయి. "సెవులు పోతే ఏటి, ఏలున్నాది కదా" అనేవాడు. రిటైరైన దగ్గర్నుంచీ సుభద్ర రివెట్లన్నీ ఆయన చేతిమీదే నడిచాయి.

వ్యాగన్ షాపు వాళ్ళకి ఒక ఆచారం ఉండేది. ఒకడు కొట్టి సంతకం పెట్టిన వరస మీద ఇంకొకడు సుత్తి ఆనించకూడదు. ఆనిస్తే, నువ్వు అబద్ధాలకోరువని మొహమ్మీద అన్నట్టే. పాత పనితనమంటే చెవి కోసుకునే మధుసూదన్ గారు ఓడతోపాటు ఆ ఆచారాన్ని కూడా భద్రపరిచారు, ట్రస్టు నియమాల్లో ఎక్కించేశారు. సంతకం పెట్టినవాడే మొదటి నీళ్ళు వదిలిన రోజున ఓడ అడుగున కూర్చోవాలన్నదీ అందులోదే. తప్పు చేసినోడి ముడ్డే ముందు తడవాలని మా నాన్న దానికి భాష్యం చెప్పేవాడు.

మార్చి నెలలో మధుసూదన్ గారు పరామర్శకి వచ్చి, నాన్న చెవి దగ్గర వంగి, "నీలకంఠం గారూ, ఈ ఒక్క ఏడూ మీరు విశ్రాంతి తీసుకోండి. ఎవరినైనా చూసుకుంటాం" అన్నారు.

"ఒద్దు బాబూ. ఇంట్లో కూకోబెడితే సచ్చిపోతాను" అన్నాడు నాన్న.

మాట వరసకి అన్నది కాదు. పొద్దున్న ఆరింటికి ఆయన్ని మంచం మీంచి లేపేది ఆ ఓడే. మిగతా సమయంలో టీవీ ముందు కూర్చునేవాడు కానీ ఏం చూస్తున్నాడో ఆయనకీ తెలియదు. పెట్టింది తినేవాడు. ఒకరోజు కూరలో ఉప్పు మరిచిపోయాను. ఆయనా అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఏప్రిల్ రెండోవారంలో ఒక పొద్దున్న మా అమ్మాయి యోగిత గట్టిగా అరిచింది. దానికి పద్నాలుగేళ్ళు, తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెబుతుంది. "తాతా! హాథ్ జల్ రహా హై ఆప్‌కా! ఛోడియే!"

చెయ్యి కాలుతోంది, వదిలెయ్యమని. వంటింట్లోకి పరుగెత్తాను. నాన్న పొయ్యి మీంచి పాలగిన్నె దించుతున్నాడు. గుడ్డ లేదు, పట్టుకారు లేదు, ఉత్తి వేళ్ళు. గిన్నె అంచు మంట తగిలి నల్లబడి ఉంది. ఆయన మాత్రం చాలా నింపాదిగా, చల్లటి గిన్నెని దించినట్టు దించి గట్టుమీద పెట్టాడు. యోగిత ఎందుకు గంతులేస్తోందో అర్థంకాక దాని మొహం చూశాడు. తర్వాత తన వేళ్ళు చూసుకున్నాడు. చూసుకున్నాక గబగబా చెయ్యి విదిలించి, "అబ్బా, కాలిందే" అన్నాడు.

ఆ 'అబ్బా' ఆలస్యంగా వచ్చింది. నా ఉద్యోగమే అలాంటివి పట్టుకోవడం.

మూడు వేళ్ళు బొబ్బలెక్కాయి. సాయంత్రం మందు రాస్తూ, ఆయన టీవీ వైపు తిరిగి ఉండగా, నా జాకెట్టుకున్న పిన్ను తీసి చూపుడువేలి చివర మెల్లగా గుచ్చాను. కదల్లేదు. ఇంకాస్త గట్టిగా గుచ్చాను. చిన్న రక్తపు బొట్టు వచ్చింది. ఆయన టీవీలో వాతావరణ వార్తలు చూస్తూనే ఉన్నాడు.

మా ఫ్యాక్టరీ గోడమీద ఒక బొమ్మ తగిలించి ఉంటుంది. ఏళ్ళ తరబడి అదిరే పనిముట్టు పట్టుకుంటే వేళ్ళు ముందు తెల్లబడతాయి, తర్వాత మొద్దుబారతాయి అని దానికింద రాసి ఉంటుంది. అది చదివినట్టు పనివాళ్ళచేత సంతకాలు పెట్టించేది నేనే. చలికాలంలో అమ్మ ఆయన వేళ్ళకి ఆవనూనె రుద్దడం, చొక్కా గుండీలు తనే పెట్టడం, స్నానానికి నీళ్ళ వేడి తనే చూసి ఇవ్వడం కొన్నేళ్ళుగా చూస్తున్నాను. ముసలివయసులో మురిపెం అనుకున్నాను.

చెయ్యి చల్లబడిందని తెలియాలంటే దానికి తగ్గ వేళ్ళుండాలి కదా. ఆ వేళ్ళు ఆయనకి లేవు. ఫిబ్రవరి నుంచి మోస్తున్న కోపం అక్కడికక్కడే పోయింది. దాని చోటులోకి జాలి రావాలి, దుఃఖం రావాలి. ఏదీ రాలేదు. బొబ్బల మీద గుడ్డ చుట్టి, ముడేసి, చేతులు కడుక్కుని యోగితకి అన్నం పెట్టాను.

పడుకోబోయే ముందు మాత్రం ఒక లెక్క గుర్తొచ్చింది. రెండువేల నూటనలభై. ఆ వేలితోనే.

తర్వాతి ఆదివారం అమ్మకి మాసికం. సరుకులకి నాన్న జుగ్‌సలాయి బజారుకి వెళ్ళిన సమయం చూసి నేను గొయ్యి దగ్గరికి వెళ్ళాను. కాపలా అతను నన్ను ఎరుగును, అడ్డు చెప్పలేదు. నిచ్చెన దిగి, ఎండకి కాలిన ఆ ఇనుము పక్కన చతికిలబడి, నాలుగో ప్లేటు ఎంచుకున్నాను. దానికింద 'నీ.కం.' అని నాన్న సుద్ద సంతకం ఉంది. సున్నాలు ఒక్కటీ లేవు. వేలు ఆనించి కొట్టడం మొదలుపెట్టాను. మూడోది వణికింది. చీమ పాకినంత వణుకు, కానీ వణికింది. అరవై కొడితే తొమ్మిది వణికాయి.

"ఏటమ్మా అది? నీలకంఠం సంతకం మీద కొడతన్నావా?"

తలెత్తితే గట్టుమీద ధర్మరాజు చిన్నాన్న. నాన్నతోపాటు వ్యాగన్ షాపులో పనిచేసినవాడు. కొలిమిలో రివెట్లు కాల్చి అందించడం ఆయన పని, అప్పుడూ ఇప్పుడూ కూడా. ఆయన మొహం చూస్తే నేను గుళ్ళో చెప్పులతో తిరుగుతున్నట్టుంది.

"నాన్న వేళ్ళకి ఏమీ తెలీడంలేదు చిన్నాన్నా" అన్నాను.

ఆయన ఆశ్చర్యపోతాడనుకున్నాను. నిచ్చెన దిగొచ్చి నా పక్కన కూర్చున్నాడు. తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"తెలుసమ్మా."

"ఎన్నాళ్ళై?"

"మూడేళ్ళై. నువ్వు గాబరా పడకు, అప్పుడు ఓడకేటీ అవనేదు. మీ యమ్మ రోజూ మజ్జానం ఎందుకొచ్చీదనుకున్నావు? క్యారేజీ ఇయ్యడానికా?"

నేను సుత్తి కింద పెట్టాను.

"వొదిన ఏలు పెట్టీది. ఆడు కొట్టీవోడు. ఒణికితే తల ఊపీది, ఆడు సున్నా సుట్టీవోడు. పొద్దున్నపూట ఊరికే సుత్తి పట్టుకుని తిరిగీవోడు, నిజం పని వొదిన వచ్చినాకే. ఇద్దరూ అలాగ ఎదురుబొదురు కూకుంటే నాకు నవ్వొచ్చీది." ఆయన నవ్వలేదు. "వొదిన పోయినాక నాను అడిగేను, ఎలాగరా అని. అలవాటైపోయినాది, సుత్తి బరువు బట్టే తెలిసిపోతాది అన్నాడు. నమ్మేను. నమ్మక ఏటి సేత్తాను, ఆడి సంతకం మీద నాను కొట్టనేను కదా."

మా అమ్మ నూకాలమ్మకి ఓనమాలు రావు. ట్రస్టు రిజిస్టరులో ఆవిడ పేరు ఎక్కడా లేదు. మూడేళ్ళు నలభై మంది పిల్లల ప్రాణాలు ఆవిడ వేలి చివర ఉన్నాయి, ఆ సంగతి ఆ ఇంట్లో ఉన్న నాకే తెలియదు.

మాసికం భోజనాలయ్యాయి. యోగిత ట్యూషనుకి వెళ్ళింది. మా ఆయన హరికిరణ్ లోకో పైలట్, ఆ రోజు చక్రధర్‌పూర్ అవతలెక్కడో ఉన్నాడు. నాన్న ఆలస్యంగా కూర్చున్నాడు భోజనానికి. ఎదురుగా కూర్చుని, ముందుకు వంగి, పెదాలు కనబడేలా గట్టిగా చెప్పాను.

"నాన్నా, నాలుగో ప్లేటులో తొమ్మిది వదులున్నాయి."

ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది. "ఎవులు సెప్పినారు?"

"నేనే కొట్టి చూసేను."

"నా సంతకం మీదా?"

"ఊఁ."

ఆయన మొహం నల్లబడింది. "ఎంత తెగింపే నీకు! మీ పేక్టరీ సిప్రింగులనుకున్నావేటి? నువ్వు పుట్టకముందు నుంచీ కొడతన్నాను నాను."

"వేలికి పిన్ను గుచ్చేను మొన్న. రక్తం వచ్చింది. నీకు తెలీలేదు." కాస్త ఆగి, "అమ్మ వేలు పెట్టేదట కదా" అన్నాను.

ఆయన ముద్ద కంచంలోనే వదిలేశాడు. ఎండ వేడికి ఫ్యాను గాలి కూడా కాలుతోంది. తలెత్తకుండానే, "మీ యమ్ముంటే ఒక్కటీ పోనిచ్చీది కాదు" అన్నాడు.

తర్వాత అన్నాడు, "ఆసుపత్రిలో... నాకు తెలవలేదమ్మా. పడుకున్నాదనుకున్నాను."

మజ్జిగ గిన్నె ఆయన వైపు జరిపాను. "మజ్జిగ పోసుకో" అన్నాను.

పోసుకున్నాడు. తాగాడు. చెయ్యి కడుక్కుని వచ్చి నా ముందు నిలబడ్డాడు. నా చిన్నప్పుడు స్కూలు ఫీజుకి నేను ఆయన ముందు ఎలా నిలబడేదాన్నో అలా నిలబడ్డాడు.

"ఆ తొమ్మిదీ మార్పించేత్తాను. మిగతావి దర్మరాజు సేత కొట్టిత్తాను, ఆడికి నాను సెప్తే కొడతాడు. ట్రస్టోళ్ళకి మాత్రం సెప్పకు ఇందూ. సెప్తే నన్నక్కడికి రానివ్వరు."

"చూద్దాంలే" అన్నాను. అది అబద్ధం కాదు, నిజమూ కాదు.

మర్నాడు హరికిరణ్ డ్యూటీ దిగి వచ్చాక చెప్పాను. ఆయన బూట్లు విప్పుతూ, "మావయ్యని చూస్తే నాకూ బాధగానే ఉంది. కానీ సిగ్నలు ఎర్రగా ఉండడం చూశాక చూడలేదంటే కుదరదు ఇందూ" అన్నాడు. నాకూ తెలిసిన సంగతే. ఇంకెవరి నోటనైనా వినాలని అడిగాను.

ఏప్రిల్ ఆఖరి శనివారం ట్రస్టు సమావేశం. ఓడ పక్కన రేకుల షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీలేసుకుని ట్రస్టీలు ఐదుగురూ కూర్చున్నారు. నాన్న, ధర్మరాజు ఒక బల్లమీద. నన్ను ఎవరూ పిలవలేదు, నేనే వెళ్ళాను. నీళ్ళు ఎప్పుడు వదలాలి, పిల్లలకి తాగడానికి ఏమివ్వాలి అని మాట్లాడుకుంటున్నారు. నేను లేచి నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. వేళ్ళ సంగతి, తొమ్మిది రివెట్ల సంగతి, అమ్మ సంగతి.

అక్కడే, మూడడుగుల దూరంలో నాన్న కూర్చుని ఉన్నాడు. ఆయనకి ఒక్క ముక్క కూడా వినబడలేదు. నేను ఏదో మంచి మాటే చెబుతున్నాననుకుని మధ్యలో ఒకసారి తల ఊపాడు కూడా. ఆ తలూపడం చూశాక ఆయన వైపు చూడడం మానేశాను. అలాగే పూర్తిచేశాను.

మధుసూదన్ గారు కళ్ళజోడు తీసి, "నీలకంఠం గారికి తెలుసా, నువ్విది చెబుతున్నట్టు?" అన్నారు.

"లేదండీ."

"అయితే చెప్పమ్మా."

నాన్న పక్కన కూర్చుని, చెవిలో, "చెప్పేసేను నాన్నా" అన్నాను. ఆయన ట్రస్టీల మొహాలు ఒక్కొక్కటే చూశాడు. వాళ్ళంతా ఆయన చేతులవైపు చూస్తున్నారు. ఆయన రెండు చేతులూ మెల్లగా తువ్వాలు కిందకి లాక్కున్నాడు.

మధుసూదన్ గారు మంచి మనిషి. లేచి వచ్చి, ఆయన ముందు మోకాళ్ళమీద కూర్చుని, గట్టిగా అన్నారు: "తప్పు మీది కాదు నీలకంఠం గారూ, నాది. ఒక మనిషి చూసింది ఇంకో మనిషి చూడకూడదని నియమం రాసింది నేను. ఓడని దాచాలనే మోజులో దాన్ని ఎక్కే పిల్లకాయల్ని మరిచిపోయాను. ఇకమీదట ఇద్దరు కొడతారు, ఇద్దరు సంతకం పెడతారు. మీరు కొట్టండి, మీ అమ్మాయి వేలు పెడుతుంది. ఎప్పట్లాగే."

నేను ఆశగా నాన్న వైపు చూశాను. అంతకన్నా మంచి దారి లేదనిపించింది.

"ఒద్దు బాబూ. అది దాని పని" అన్నాడు. 'దాని' అంటే అమ్మది. "ఇంకో ఏలు పెట్టి నాను కొట్టను."

లేచి, తువ్వాలు కిందే చేతులుంచుకుని, ఇంటివైపు నడిచిపోయాడు. బల్లమీద ఆయన సుత్తి ఉండిపోయింది. దానిమీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు. సాయంత్రం ధర్మరాజు దాన్ని నాకు తెచ్చిచ్చాడు.

మే నెలంతా ఆ రివెట్లు నేను కొట్టాను. ఫ్యాక్టరీ నుంచి వచ్చాక రెండు గంటలు, ఆదివారాలు పొద్దంతా. రెండోసారి కొట్టడానికి ధర్మరాజు. మొదటిరోజు ఆయన నా సంతకం మీద సుత్తి ఆనించడానికి పావుగంట తటపటాయించాడు. పైన నలభైమూడు డిగ్రీల ఎండ, లోపల ఇనుము. వేలు ఆనించడం, తట్టడం, జరగడం. మనిషి ఏమీ ఆలోచించక్కర్లేని పని అది, నాకు అప్పట్లో అదే కావలసి వచ్చింది. అరవైమూడు వదులువి దొరికాయి. ఒక్కోదాన్నీ తొలిచి తీసి, చీటీ కట్టి పెట్టెలో వేసి, కొత్తది ఎర్రగా కాల్చి కొట్టారు. తలమీద ఈ ఏడాది అంకె గుద్దారు.

నాన్న ఇంట్లోనే ఉన్నాడు. ఎనిమిదింటికి లేచేవాడు, తర్వాత తొమ్మిదింటికి. గెడ్డం గీసుకోవడం మానేశాడు. నాతో మాట్లాడడం మానలేదు, మాటలు తగ్గించేశాడు. "తిన్నావా?" "తిన్నాను." "మాత్ర వేసుకున్నావా?" "ఊఁ." అంతే. ఒకరోజు యోగిత నా దగ్గరికొచ్చి, "మమ్మీ, తాతా కో వాపస్ భేజ్ దో నా షిప్ పే. ఘర్ మే వో ఐసే హీ బైఠే రహతే హై" అంది. వెనక్కి పంపించెయ్యమంటోంది, ఇంట్లో ఉత్తినే అలా కూర్చుండిపోతున్నాడని. పంపడానికి నాన్న ఏమైనా పార్సిలా అని కసిరాను. తర్వాత స్నానాలగదిలో తలుపేసుకుని చాలాసేపు కుళాయి కింద నిలబడ్డాను. ఓడ బాగుపడుతోంది, మనిషి తుప్పుపడుతున్నాడు, రెండూ నా చేతిమీదే. నేను చేసింది ఒప్పే. ఒప్పు చేసినవాళ్ళకి ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

జూన్ మూడోవారంలో వానలు దిగాయి. ఖర్కాయి రెండురోజుల్లో ఎర్రగా పొంగింది. ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి తలుపులు తీయడమని నిర్ణయం. పిల్లలు గొడుగులతో గట్టుమీద వరసగా నిలబడ్డారు. ముందు నీళ్ళు, గంటసేపు చూశాక పిల్లలు. నియమం ప్రకారం సంతకం పెట్టినదాన్ని కనుక టార్చిలైటు, రిజిస్టరు పట్టుకుని నేను ఓడ అడుక్కి దిగాను. రెండో సంతకందారు ధర్మరాజు వెనకభాగంలో ఉన్నాడు, మధ్యలో బాయిలరు అడ్డం.

కూర్చుని ఊపిరి తీసుకునేలోపు నిచ్చెన మీద కాళ్ళు కనబడ్డాయి. నాన్న. గెడ్డం మాసి ఉంది, లుంగీ ఎగ్గట్టి ఉన్నాడు. మెట్టు మెట్టుకీ చెయ్యి సరిగా పడిందో లేదో కళ్ళతో చూసుకుంటూ దిగాడు. నా ఎదురుగా పలకమీద కూర్చున్నాడు.

"ఈ ఏడు నా సంతకం నేదు, నాకు తెలుసు. ఒట్టినే కూకుంటాను" అన్నాడు.

బయట చెక్క తలుపులు కిర్రుమన్నాయి. నీళ్ళు గొయ్యిలోకి దూకిన చప్పుడు ఇనుముకి తగిలి లోపలంతా నిండిపోయింది. ఆయనకి వినబడదు కానీ పాదాల కింద తెలిసినట్టుంది, నా మొహం చూశాడు. నీళ్ళు పక్కలకి ఎక్కుతున్నాయి. ఒకచోట కాస్త ఊగింది, ఇంకోచోట కాస్త లేచింది. మరుక్షణం సుభద్ర దిమ్మల మీంచి లేచి నీటి మీదికి వచ్చింది. గట్టుమీద పిల్లలు కేకలు పెట్టారు.

నేను టార్చి వేసి ప్లేటు తర్వాత ప్లేటు చేత్తో తడిమి చూస్తున్నాను. పొడి. పొడి. అంతా పొడి. నన్ను నేనే మెచ్చుకోబోతుండగా, నాన్న నా భుజం తట్టి వేలు చూపించాడు.

ఆరో ప్లేటు, కింది వరస. ఒక రివెట్టు తల అంచున నీటిబొట్టు. చూస్తుండగానే పెద్దదై, జారి, దాని వెనకే ఇంకొకటి. రిజిస్టరులో ఆ వరస ఎదురుగా 'ఇం' అని నా సంతకమే ఉంది, పక్కనే ధర్మరాజుది.

"నీదే" అన్నాడు నాన్న. గెలిచినట్టు అనలేదు, ఎత్తిపొడిచినట్టూ అనలేదు. "పోన్లే. మీ యమ్మకైనా ఏడాదికి ఒకటీ రెండూ పోయీవి. ఒక్క సుక్కకి పిల్లలకేటీ అవదు, రెండ్రోజుల్లో తుప్పట్టి అదే మూసుకుంటాది. రాసుకో."

రాసుకున్నాను. ఆరో ప్లేటు, కింది వరస, ముప్పైఒకటో రివెట్టు, చెమ్మ. కింద సంతకం పెట్టాను. తలెత్తేసరికి ఆయన ఇంకా ఆ బొట్టువైపే చూస్తున్నాడు.

"ఇందూ, ఆ రోజు నర్సమ్మ నిన్ను పక్కకి పిలిసి ఏదో అన్నాది. నాకు ఇనబడనేదు. ఏటన్నాది?"

నాలుగు నెలలుగా ఆ ప్రశ్న ఆయన దగ్గరే ఉందని నాకు తట్టనేలేదు. రిజిస్టరు ఒళ్ళో తెరిచే ఉంది.

"సానాసేపైనాదన్నాదా?" ఆయన తన చేతులవైపు చూసుకున్నాడు. "నాను సల్లటి సెయ్యి పట్టుకుని కూకున్నానా?"

"లేదు నాన్నా. అప్పుడే పోయిందంది. చెయ్యింకా వెచ్చగానే ఉందంది."

ఆయన నా పెదాలు చూశాడు. ఆ చీకట్లో ఏమీ తెలిసినట్టు లేదు. చెవి నా వైపు తిప్పి, "ఏటి?" అన్నాడు.

బాయిలరు అవతల ధర్మరాజు ఉన్నాడు. పైన మధుసూదన్ గారు చెక్కమీద అటూ ఇటూ నడుస్తున్నారు. ఆ ఇనుప గోడల మధ్య గట్టిగా అన్న మాట గట్టుదాకా వినబడుతుంది. నేను రిజిస్టరు మూసి పక్కన పెట్టాను. ముందుకు జరిగి, నాన్న రెండు చేతులూ పట్టుకుని, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, ఉన్న గొంతంతా పెట్టి మళ్ళీ చెప్పాను.

"వెచ్చగానే ఉంది నాన్నా! వెచ్చగానే ఉంది!"